ఎర్ర లైటు ఆరేదాకా

మా ఊళ్ళో నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూసేవాళ్ళం. హంసలదీవికి వెళ్ళే దారిలో, ఉప్పుగాలి తగిలే ఊరు మాది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిపట్టిన పెద్ద డేగిసా, కింద కొబ్బరి డొక్కలు, ఎండు తాటాకులు. డొక్కలు ఎండినవైతే నీళ్ళు తొందరగానే కాగేవి. తడిసినవైతే పొగకి మా కళ్ళు మండేవి కానీ డేగిసా మాత్రం వేడెక్కేది కాదు. అంత కష్టపడి కాచేది కూడా పసిపిల్లలకీ, బాలింతలకీ, జ్వరం తగ్గి లేచినవాళ్ళకీ మాత్రమే. మగపిల్లలం చలికాలంలోనూ బోరింగు దగ్గరే పోసుకునేవాళ్ళం. ఉద్యోగం వచ్చి బందరులో గది తీసుకున్నాక కూడా నా స్నానం చన్నీళ్ళతోనే.

పెళ్ళైన కొత్తలో గుడివాడ అత్తవారింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని నా పట్టుదల. మావగారికి ఎరువుల వ్యాపారం, బజారులో రెండు షాపులు. వాళ్ళ ముందు పల్లెటూరి వాడిలా కనపడకూడదని నేను పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. మరదళ్ళిద్దరు ఉండేవారు. నేను దోసె తుంచే తీరుకి కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వుకి నేను భయపడినంతగా మా ఆఫీసులో పెద్ద అధికారికి కూడా భయపడలేదు.

పెళ్ళి కోసం వాళ్ళు ఇల్లు బాగు చేయించారు. పెరట్లో ఉన్న పాత మరుగుదొడ్డి పందిరికి అడ్డమొస్తోందని పడగొట్టించి, నడవా చివర స్నానాలగదీ దొడ్డీ కలిపి ఒకే గదిగా కట్టించారు. గోడలకి నీలం పలకలు, పైన తెల్లటి కొత్త గీజరు. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. ఆ ఇంట్లో మావగారి తల్లి కూడా ఉండేవారు. అందరూ ఆవిడని మామ్మగారు అనేవారు. పెద్ద మనిషి, షుగరు వ్యాధి. మాటిమాటికీ గోడ పట్టుకుని నెమ్మదిగా నడవా చివరిదాకా వెళ్ళివస్తూ ఉండేవారు. అయినా చీర కుచ్చిళ్ళు చెదిరేవి కాదు. అల్లుడి ఎదటికి వస్తే భుజాల చుట్టూ పమిట నిండుగా కప్పుకుని వచ్చేవారు.

మాఘమాసంలో పెళ్ళైంది. మనుగుడుపులకి గుడివాడలో ఉన్న రెండోరోజు పొద్దున, మావగారు స్వయంగా తువ్వాలు తెచ్చి ఇచ్చారు.

“స్విచ్చి వేశానల్లుడుగారూ. ఈ గీజరు సంగతేంటంటే...”

“తెలుసండీ మావయ్యగారూ. బందరులో నా గదిలోనూ ఉంది” అన్నాను.

నా గదిలో ఉన్నది ఒక బకెట్టూ, ఒక చెంబూ. నెల తిరిగేసరికి వాళ్ళమ్మాయి ఆ గదికే కాపురానికి వస్తుందన్న ఆలోచనైనా లేకుండా అనేశాను. ఆయన మర్యాదస్తుడు. “అలాగా, మంచిది” అని చెప్పబోయింది ఆపేసి వెళ్ళిపోయారు.

గీజరు గురించి నాకున్న జ్ఞానమంతా మా హెడ్ క్లర్కు గారు చెప్పిందే. వాళ్ళింట్లో కొన్నప్పుడు ఆఫీసంతటికీ పాఠం చెప్పారు. ఎర్ర లైటు వెలుగుతుందిట. నీళ్ళు కాగగానే ఆరిపోతుందిట. మధ్యలో పంపు తిప్పామా, చన్నీళ్ళు దిగి కథ మళ్ళీ మొదటికొస్తుందిట. ఆ మాటలు పట్టుకుని నేను గడియ వేసుకుని, తువ్వాలు చుట్టుకుని, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని లైటు వంక చూడటం మొదలుపెట్టాను.

లైటు ఆరలేదు. కాళ్ళు చల్లబడ్డాయి. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. పంపు మీద చెయ్యి వేసి, హెడ్ క్లర్కు గారు గుర్తొచ్చి తీసేశాను. ఒక్క కేక వేసి అడిగితే సరిపోయేది. కానీ ఇంట్లో గీజరు ఉన్నవాడు ఏమని అడుగుతాడు?

ఇంతలో తలుపు అవతల చెప్పుల చప్పుడు, తర్వాత గుసగుసలు. అత్తగారి గొంతు, దానికి బదులుగా మరో సన్నటి గొంతు. అత్తగారు మళ్ళీ “ష్” అన్నారు. మాటలు తెలియలేదు కానీ నా గురించేనని మాత్రం రూఢిగా అనుకున్నాను. అల్లుడు ఇంతసేపు లోపల ఏం చేస్తున్నాడని ఆరా తీస్తున్నారు, మరదళ్ళు గోడకి చెవులు పెట్టి ఉంటారు. చెవులు వేడెక్కిపోయాయి. వాళ్ళు వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళలేదు.

చివరికి ఈ గీజరు పాడైపోయిందని తీర్మానించుకుని, చన్నీళ్ళ పంపు తిప్పి నాలుగు చెంబులు పోసుకున్నాను. దవడలు కొట్టుకోకుండా పళ్ళు బిగించి, వేణ్ణీళ్ళ స్నానం చేసినవాడి మొహం ఒకటి పెట్టుకుని తలుపు తీశాను.

గుమ్మం పక్కన గోడ పట్టుకుని మామ్మగారు నిలబడి ఉన్నారు. చీర ముందు కుచ్చిళ్ళు తడిసిపోయి కాళ్ళకి అంటుకున్నాయి. కింద కొత్త గచ్చు మీద తడి. అత్తగారు ఆవిడ మోచెయ్యి పట్టుకుని తల వంచుకున్నారు. కొంచెం దూరంలో మరదళ్ళిద్దరూ ఉన్నారు. వాళ్ళు నవ్వడం లేదు. వాళ్ళు నవ్వితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

మామ్మగారు ఆ స్థితిలోనూ పమిట భుజం మీదకి లాక్కుని, నాకు దారి ఇవ్వడానికి పక్కకి ఒదిగారు.

“నీళ్ళు బాగా కాగాయా నాయనా?” అని అడిగారు.

“కాగాయండీ” అన్నాను.

గదిలోకి వచ్చి చొక్కా చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. నడవా చివర పంపు తిప్పిన చప్పుడు, వెంటనే అత్తగారి కంగారు. “అమ్మో, పొగలు కక్కుతున్నాయి! ఆగండత్తయ్యా, చన్నీళ్ళు కలపనివ్వండి, కాలుతుంది!”

మధ్యాహ్నం మా ఆవిడని మాటల మధ్యలో అడిగినట్టు అడిగాను.

“ఆ లైటు ఆరదండీ. కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. పావుగంటైతే చాలు, నీళ్ళు కాగిపోతాయి. నాన్నగారు చెప్పలేదా?”

“చెప్పారు” అన్నాను.

పొద్దున తలుపు అవతల ఎవరేమన్నారో కూడా తనే చెప్పింది. తలుపు కొట్టమని మామ్మగారు ఒక్కసారి అడిగారట. కొత్త అల్లుడుగారు లోపలుండగా కొడితే బాగోదని అత్తగారు ఆపారట. నిజమేనమ్మా అని మామ్మగారే మళ్ళీ ఊరుకున్నారట. సిగ్గుతో ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోతే, కొత్తల్లుడికి మొహమాటమని ఇంకాస్త వడ్డించారు.

తర్వాత గుడివాడ వెళ్ళినప్పుడల్లా ఇంకా ఎవరూ లేవకముందే చన్నీళ్ళతో గబగబా స్నానం ముగించుకునేవాణ్ణి. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను జాగ్రత్తగా ఉంటున్నాను కదా, సర్దుకుపోయిందిలే అనుకున్నాను.

మరుసటి ఏడు రోహిణి కార్తెలో మా ఊరి నుంచి బొండాలు పట్టుకెళ్ళాను. ఎండ మండిపోతోంది, మధ్యాహ్నం కరెంటు లేదు. వరండాలో మామ్మగారు విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నారు, పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. షుగరు మనిషికి బొండం ఎందుకని, కుండలో చల్లటి మంచినీళ్ళు గ్లాసుతో ముంచి తీసుకెళ్ళి ఇచ్చాను.

“ఇప్పుడొద్దు నాయనా” అన్నారు.

“గొంతు ఆరిపోతోంది కదండీ, కాసినైనా తాగండి.”

“తాగుతాలే. మీరున్న రెండు రోజులూ కాస్త తగ్గించుకుంటాను. మీరు వెళ్ళాక తాగుతాను.”

ఏ మాత్రం నిష్ఠూరం లేదు ఆ గొంతులో. వంటల్లో ఉప్పు తగ్గించుకున్నానని చెప్పినంత మామూలుగా చెప్పారు. అంటే ఈ ఏడాది పైగా, నేను గుడివాడ వచ్చిన ప్రతిసారీ, పండక్కి వచ్చినా పబ్బానికి వచ్చినా, ఆవిడ దాహంతోనే ఉన్నారు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆఫీసులో అర్జంటు పని గుర్తొచ్చిందని చెప్పి సాయంత్రం బస్సుకే బందరు బయల్దేరాను. మావగారు ఉండమన్నారు. అత్తగారు చేపల పులుసు పెట్టానని బతిమాలారు. మరదళ్ళు సంచి లాక్కున్నారు. మామ్మగారు ఒక్కరే ఉండమనలేదు.