నాకు చరిత్ర తెలియదని సర్టిఫికెట్

ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్న బైండింగ్ మిషను మీద ఒట్టు, కింద రాసినదంతా అక్షరం అక్షరం నిజం. నమ్మనివాళ్లు తార్నాకలో మా షాపుకొచ్చి గోడ చూసుకోవచ్చు.

మా అక్క కూతురు క్యాంపస్‌లో ఎమ్మే చరిత్ర చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. పరీక్షల్లో తను చెబుతుంటే ఇంకొకరు రాయాలి. ఆ రాసే మనిషిని స్క్రైబ్ అంటారు. స్క్రైబ్ తనకంటే తక్కువ చదివి ఉండాలి, ఆ సబ్జెక్టు అసలు తెలిసి ఉండకూడదు. లేకపోతే జవాబులు ఎవరివో ఎలా తెలుస్తుంది? న్యాయమైన రూలే. ప్రతిసారీ రాసిపెట్టే వారాసిగూడ ఇంటర్ పిల్లకు సరిగ్గా పరీక్ష ముందురోజు కామెర్లు తేలాయి. సాయంత్రం ఐదులోగా కొత్త మనిషికి పర్మిషన్ రాకపోతే పేపరు పోయినట్టే, పేపరు పోతే ఏడాది పోయినట్టే.

"నేనున్న కదా," అన్నాను. ఇంటర్‌ను మూడు దండయాత్రల్లో జయించినవాణ్ణి. నా చదువు ఒకరికి పనికొచ్చే రోజు వస్తుందంటే మా నాయన నమ్మేవాడు కాదు.

"నువ్వా?" అంది మేనకోడలు. "మామా, నువ్వు ఉన్నది ఉన్నట్టు ఎన్నడన్న చెప్పినవా?"

"చెప్పుడు కాదు బిడ్డా, రాసుడే కదా."

పరీక్షల ఆఫీసులో క్లర్కు ముందుగా ఆమెకు చూపు లేదన్న సర్టిఫికెట్ తిరగేశాడు.

"గిది పోయినేడాదిది. గీ ఏడు గూడ కనబడ్తలేదని ప్రూఫ్ ఏంది?"

"కనబడంగనే ఫస్టు మీ మొఖమే జూస్త సార్."

క్లర్కు ఒక టిక్కు కొట్టి నా వైపు తిరిగాడు. తిరిగి గుర్తుపట్టాడు. అక్కడే కొంప మునిగింది.

"నువ్వు బైండింగ్ షాపాయనవు గదా! గీ క్యాంపస్‌ల హిస్టరీ థీసిస్‌లన్ని నీ చేతుల మీదికెల్లే పోయినయ్. నీకు హిస్టరీ తెల్వదంటే ఎట్ల నమ్మాలె?"

"అన్నా, నేను అట్టలేస్త గని చదువుతనా?"

"ఏమో. తెల్వదని డిపార్ట్‌మెంట్ కెల్లి రాయించుకొని రా."

అప్పటికే మూడు దాటింది. ఎండలో పడి డిపార్ట్‌మెంటుకు నడిచాం. అక్కడి ప్రొఫెసరుది కృష్ణా జిల్లా, బహు మర్యాదస్థుడు.

"తెలియదని ఊరికే ఎలా రాసిస్తానండీ? పరీక్షించాలి కదా," అన్నాడు. "చార్మినార్ ఎందుకు కట్టారో చెప్పండి."

నాకు తెలుసు. మూడు రకాల కారణాలు తెలుసు, అవి రాసిన మూడు థీసిస్‌ల అట్టల మీద బంగారు అక్షరాలు ఒత్తింది నేనే. నాలుక దురద పెట్టింది. కోడలు నా మణికట్టు గిల్లింది.

"మూసీకి వరదొస్తే ఎక్కి కూసునేటందుకు సార్," అన్నాను. "నాలుగు దిక్కులోల్లు జాగ కోసం కొట్లాడుకోవద్దని నాలుగు మినార్లు. నడుమ అంతస్తు బర్రెలకు."

ప్రొఫెసరు పెన్ను పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇది... ఎక్కడ చదివారండీ?"

అబద్ధం మరీ బాగా కుదిరింది.

"మా మామ చదవడు సార్," కోడలు అందుకుంది. "అల్లుతడు."

ఐదుకి పది నిమిషాలుందనగా కాగితం చేతికొచ్చింది. 'ఇతనికి చరిత్ర ఏమాత్రం తెలియదని ధ్రువీకరించడమైనది.' కింద గుండ్రటి ముద్ర. పరుగెత్తుకెళ్లి ఇచ్చాం, పర్మిషన్ వచ్చింది. ఆ కాగితం కాపీని ల్యామినేషన్ చేసి షాపులో నా ఇంటర్ మెమో పక్కన తగిలించాను. రెండింట్లో అదే బాగుందంటారు చూసినవాళ్లు.

మర్నాడు మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారు. మూడు గంటల పేపరుకు ఇంకో గంట అదనం. ఆమె చెప్పింది, నేను రాశాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒకటుంది. బర్రెలు నిజం, ముద్ర నిజం. నేను కల్పించింది ఒక్క మాట కలపలేదన్న ఆ పై వాక్యం ఒక్కటే. మూడో ప్రశ్నలో కరువు గురించి చెప్పి ఆమె ఆపింది. జవాబు సరిగ్గానే ఉంది గానీ, ఉప్పు తక్కువైన పప్పులా ఉంది. ఆ ఏడాది కప్పలు కూడా బావులు ఖాళీ చేసి చుట్టాలిళ్లకు వెళ్లిపోయాయని ఒక వాక్యం తగిలించాను.

"మామా, నేను ఆపిన," అంది. "నీ పెన్ను ఆగలే. ఏం రాసినవో చదువు."

చదివాను. పకపకా నవ్వింది. తలుపు దగ్గర ఇన్విజిలేటరు కూడా నవ్వాడు.

"మస్తున్నది. కొట్టెయ్."

"మార్కులు పడ్తయే!"

"పడితే నీకు పడ్తయ్, నాకు కాదు. కొట్టెయ్."

"కొట్టేసిన," అన్నాను.

"గీత సప్పుడు రాలే."

అప్పుడు కొట్టాను, కాగితం చిరిగేంత గట్టిగా.