చప్పుడు తగ్గించిన మిషన్

అల్యూమినియం కోస్తున్నప్పుడు దాని మీద నూనె చుక్క పడి కాలితే ఒక వాసన వస్తుంది. పల్లీలు మాడిన వాసనలో కొంచెం ఇనుము కలిసినట్టుంటుంది. ఈ ఉదయం వరండాలో పక్కింటివాళ్ల కిటికీ గొళ్లేనికి కొత్త ముక్క చెక్కుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఒకప్పుడు శేషగిరిరావు సార్ ఇల్లంతా ఇదే వాసన.

నాంపల్లిలో మేముండేది పాత ఇల్లు. కింది వాటాలో సార్, ఆయన భార్య అనసూయమ్మ ఉండేవారు. పై వాటాలో నేనూ, మా ఆయనా. రెండు కుటుంబాలూ కిరాయికున్నవే. వాళ్లది కోస్తా, పెళ్లి కాకముందే సార్ ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మాది జనగామ పక్కన పల్లె. నేను సుల్తాన్ బజార్‌లో బట్టల షాపులో బిల్లులు రాస్తాను. సార్ ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. "బతుకంతా మిషన్ల బొమ్మలు గీశాను గానీ సుజాతా, ఒక్క ఇనుప ముక్కా కోసిన పాపాన పోలేదు" అని నవ్వేవారు. వాళ్లకు పిల్లలు లేరు. అనసూయమ్మను నేను అమ్మా అనే పిలిచేదాన్ని.

అమ్మకు కీళ్లవాతం. వేళ్లు వంకర తిరిగి, పిడికిలి మూసుకునేది కాదు. ఒక సాయంత్రం నన్ను కూడా తీసుకుని మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లారు. సీతాఫలం ఐస్‌క్రీమ్ అంటే ఆమెకు ప్రాణం. ఆ సన్నని చెంచా వేళ్ల మధ్య నిలవలేదు. రెండుసార్లు చీర మీద పడింది. సార్ తినిపించబోతే చుట్టూ చూసి, "వద్దులెండి, నాకు పళ్లు జివ్వుమంటున్నాయి" అంది. ఐస్‌క్రీమ్ కప్పులోనే కరిగిపోయింది. ఆమె చేతికి పట్టే పిడులు తానే తయారు చేయాలని సార్ ఆ మర్నాడే నిర్ణయించుకున్నారు.

అందుకు మిల్లింగ్ మిషన్ కావాలన్నారు. డ్రిల్లయితే కిందికి దిగి చిల్లు పొడవడమే. ఇందులో తిరిగే కట్టర్ కింద ముక్కను అటూ ఇటూ జరుపుతూ కావలసిన ఆకారం చెక్కుకోవచ్చట. కొనడానికి అమ్మ నన్ను తోడు పంపింది. "షాపువాడు ఏది చూపిస్తే అదే కొనేస్తారమ్మా ఈయన. నువ్వుంటే నయం."

నాంపల్లి స్టేషన్ అవతలి సందులో ఒక షాపతను రెండు మిషన్లు చూపించాడు. ఒకటి పాతది, నల్లటి పోత ఇనుముది, ఏనుగులా ఉంది. ఇంకొకటి బల్ల మీద పట్టేంత చిన్నది. "గా చిన్నది బొమ్మ సార్. జర గట్టి ముక్క పెడితే గజగజ వణుకుతది. గిది తీస్కోన్రి, మీకు మల్ల ఫికరుండదు" అన్నాడు. సార్ పెద్దదాని చుట్టూ తిరిగారు. దాని చక్రం మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డారు. అది కావాలని ఆయనకు ఎంత ఉందో ముఖంలోనే కనిపించింది. చివరికి రెండూ ఒకసారి నడిపించమన్నారు. కళ్లు మూసుకుని విని, చిన్నదే తీసుకున్నారు. బయటికి వచ్చాక అడిగితే, "మీ అమ్మకు రాత్రుళ్లు నొప్పికి నిద్రుండదు. మధ్యాహ్నం కాసేపు కన్ను మూస్తుంది. ఆ పెద్దదాని మోతకు అదీ పోతుంది" అన్నారు.

షాపతను చెప్పినట్టే అది వణికింది. మొదటి పిడి గరుకుగా, మెట్లుమెట్లుగా వచ్చింది. అమ్మ పట్టుకుని, "బాగుందండీ" అంది. నేను దగ్గరికెళ్లి చూస్తే అరచేయి ఎర్రగా కందింది. సార్ కూడా చూశారు. వంటింట్లోకి వెళ్లి చపాతీ పిండి ముద్ద తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "నీకు ఎలా హాయిగా ఉంటే అలా పట్టుకో." ఆ ముద్ద మీద పడిన వేళ్ల గుర్తులను కొలిచి, కొత్త బొమ్మ గీశారు.

ఇక మిషన్‌ను బాగుచేసుకోవడం మొదలైంది. బోలుగా ఉన్న నిలువు కంబంలో సిమెంటు కూరి బరువు పెంచారు, వణుకు తగ్గింది. ముక్కను జరిపే మరలు వదులయితే కొత్తవి వేశారు. కళ్లు ఆనడం లేదని అబిడ్స్‌కు పోయి, అంకెలు వెలిగే కొలబద్ద తెచ్చి బిగించారు. చెంచా పిడి కుదిరింది. తర్వాత కుళాయి తిప్పే మీట, తాళంచెవికి తొడుగు. అమ్మ ఇంటి తలుపు తాళం తనే తీసుకున్న రోజు వీధిలోకి వచ్చి మరీ నన్ను పిలిచింది.

మిషన్ లోపలి గేర్లు మాత్రం గరగరమనేవి. వాటిని తీసేసి బెల్టు వేస్తే చప్పుడుండదని ఎవరో చెప్పారు. వానాకాలమంతా సార్ అదే పని మీద ఉన్నారు. బెల్టు తిరిగే కప్పీలు తనే చెక్కుకున్నారు, రెండు పాడయ్యాయి. చివరికి ఒక మధ్యాహ్నం బెల్టు తిరిగింది. ఫ్యాను మోత కంటే తక్కువ. సార్ నా వైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వారు.

అప్పుడే లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏమండీ! ఏమండీ!" కంగారుగా ఉంది. ఇద్దరం పరుగెత్తాం. ఆమె మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఏమైంది?" అన్నారు సార్.

"మిషన్ ఆగిపోయింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. మీకేమైనా అయిందేమోనని..."

"ఆగలేదు. చప్పుడు లేకుండా చేశాను, నీ నిద్ర పాడవుతోందని."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు నిద్రపట్టేదే ఆ చప్పుడుకండీ. అది వినిపిస్తుంటే మీరు పక్క గదిలోనే ఉన్నారని ధీమాగా ఉండేది."

సార్ మంచం అంచున కూర్చుండిపోయారు. "నిన్ను ఒక్కమాట అడగలేదు" అన్నారు. ఆ మాట ఆయన నాతో అనలేదు, ఆమెతోనూ అనలేదు.

ఆ తర్వాత మిషన్ దగ్గర పనిచేస్తున్నంతసేపూ పైకి మాట్లాడేవారు. కొలతలు గట్టిగా చదివేవారు, కట్టర్‌ను తిట్టేవారు, పాత పద్యాలు తప్పులతో పాడేవారు. లోపలినుంచి అమ్మ "ఊఁ" అంటుండేది. ఆ చలికాలంలో ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. దవాఖానలో వారం కూడా లేదు, పోయింది.

సార్ మిషన్ మీద దుప్పటి కప్పేశారు. నేను ఆయన దుఃఖానికి అడ్డు రాకూడదని టీవీ పెట్టడం మానేశాను. పైన పిల్లిలా నడిచేదాన్ని. గిన్నె పడినా గుండె గుభేలుమనేది. కొన్నాళ్లకు సార్ మెట్లెక్కి వచ్చారు, ఆయాసపడుతూ.

"మీరు ఊళ్లో లేరా అమ్మా?"

"ఈడనే ఉన్నం సార్."

"మరి అలికిడే లేదు."

"మీకు ఇబ్బందైతదని మెల్లగ నడుస్తున్న సార్."

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "మెల్లగా నడవకు సుజాతా. పైన మనుషులున్నారని తెలియనీ నాకు." ఆ మాటకు నాకు ఏడుపాగలేదు.

ఆ ఆదివారం నుంచి నాకు మిషన్ నేర్పించారు. నేర్పే నెపంతో మాట్లాడుకునేవాళ్లం. నా చెయ్యి తొందరపడితే, "ముక్క చెబుతుంది, విను" అనేవారు. ఎక్కువ రోజులు సాగలేదు. ఎండలు ముదిరే లోపే ఆయనా వెళ్లిపోయారు. సామాను తీసుకుపోవడానికి వచ్చిన మేనల్లుడు మిషన్ మాత్రం నాకు ఉంచాడు. "మామయ్య మీకే ఇమ్మన్నాడక్కా" అన్నాడు.

కింది వాటా ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పుడు నేను ఎవరికైనా ఏదైనా చేసిపెట్టాలంటే ముందు వాళ్లనే అడుగుతాను. మా అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు, "గింత అడుగుడేందే, చేసి పెట్టరాదు" అని విసుక్కుంటుంది. అయినా అడుగుతాను. పొద్దున్నే లేచి గదిలోంచి వంటింట్లోకి పోయేటప్పుడు మాత్రం ఎవర్నీ అడగను. మడమలు నేలకు ఆనించి, గట్టిగా నడుస్తాను.