కల్లంలో గాజుముక్కలు

పంతొమ్మిదివందల అరవైలలో మా ఇంజనీరుగారు మనిషి లేకుండా ఎగిరి ఫొటోలు తీసే చిన్న విమానాన్ని చీరాల దగ్గర పరీక్షించేవారు. అది ఎగిరే, దిగే వేళలు రాసుకోవడం నా పని. ఎగరేసే ముందు ప్రతిసారీ, "కింద ఎవరూ లేరు కదండీ?" అని అడిగేవారు. నేను చుట్టూ చూసి లేరనేవాణ్ణి. ఆ రోజూ అలాగే అన్నాను.

విమానం దారి తప్పి, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో కూలింది. మేం పరుగున వెళ్లేసరికి, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ముసలమ్మ ఘాటుకు దగ్గుతూ నిలబడి ఉంది. అదృష్టం, దెబ్బేమీ తగల్లేదు.

"అంత ఆకాశం ఉంటే నా కల్లమే దొరికిందా బాబూ?" అంది.

కెమెరా మూత చిట్లింది. అద్దం పగిలి కాయల్లో కలిసిపోయింది. వెంటనే నల్లగుడ్డలో చుట్టకపోతే వెలుతురు తగిలి ఫిల్ము పాడవుతుంది. ఆర్నెల్ల శ్రమకు దక్కిన మొదటి ఫొటోలవి. నేను గుడ్డ విప్పాను. ఆయన దాన్ని తీసుకుని నేలమీద పరిచి, దోసెడు కాయలు పోసి దులిపారు. నల్లటి గుడ్డ మీద గాజుముక్కలు తళుక్కుమన్నాయి.

"సార్, ఫిల్ము!" అన్నాను.

"మళ్లీ ఎగరేసి తీసుకుందామండీ. ఈ కాయలు తినేవాళ్లని ఎక్కడని వెతుకుతాం?" అంటూ ఇంకో దోసెడు పోశారు.

ముసలమ్మ వచ్చి గుడ్డకు అటువైపు కూర్చుంది.

"కళ్లు నులుముకోకు నాయనా, చేతులకి కారం ఉంది," అంది ఆయనతో.