బంతి చివర ఒక ఆకు ఎక్కువ

మా మాస్టారు ఇక లేరన్న కబురు నాకు సోమవారం ఉదయం తాడేపల్లిగూడెంలోని మా సంఘం కార్యాలయంలో అందింది. ఫోను చేసినవారు ఆయన కోడలుగారు. "ఏవండీ, మావయ్యగారు తెల్లవారేసరికి వెళ్లిపోయారండి. నిద్రలోనేనండి. గోడ మీద పెన్సిలుతో రాసుకున్న నంబర్లలో మీదే మొదటిదండి, అందుకని ముందు మీకే చేశాను," అన్నారు. అప్పుడు నా బల్ల మీద ఉంగుటూరు శాఖకు కొనవలసిన రౌటర్ తాలూకు కాగితాలు పరచి ఉన్నాయి. సంతకం పెట్టడానికి కలం మూత కూడా తీశాను. ఆ మూత మళ్లీ పెట్టేసి, సెలవు చీటీ రాసి, ఏలూరు బస్సు ఎక్కాను.

మాస్టారు ఏలూరులో మా సాయంత్రపు కళాశాలలో ప్రయోగశాల బోధకులు. అంతకు ముందు టెలిఫోను ఎక్స్ఛేంజిలో తీగలు అతికే పనిలో చేయి తిరిగినవారు. నేను పగలు చేపల మేత గోదాములో పనిచేస్తూ, సాయంత్రం ఆరింటికి ఆయన ముందు కూర్చుని చదువుకున్నవాణ్ని. ముప్పై ఆరో ఏట పట్టా పుచ్చుకున్నాను. ఈ సంగతి నేను ఎక్కడా దాచను. పగటి చదువు చదివినవారికి తెలియని ఒక విషయం మాకు తెలుసు: నేర్చుకున్న ప్రతి అక్షరానికీ ఆ రోజు పడిన శ్రమ తోడు ఉంటుంది.

మా తరగతిలో ఆటో నడిపేవారు ఉండేవారు, కిరాణా కొట్టులో పొట్లాలు కట్టేవారు ఉండేవారు. మాస్టారు అందరినీ 'మీరు' అనేవారు. వైరు తప్పుగా బిగించినవారితో కూడా, "ఏవండీ, ఈ వైరు ఎటు వెళుతోందో ఒకసారి దాన్నే అడుగుదామా?" అనేవారు. ఏ యంత్రాన్నయినా ముట్టుకునే ముందు జేబురుమాలు తీసి రెండు చేతులూ తుడుచుకునేవారు. "చెమట మనకి పడుద్దండి, దానికి పడదు," అనేవారు. ఆదివారాలు చర్చిలో మైకు సెట్టు చూసుకునేదీ ఆయనే. అక్కడా అదే జేబురుమాలు, అదే పద్ధతి.

ఆయన నాకు నేర్పినవాటిలో పెద్దది పట్టా వచ్చాక నేర్చుకున్నాను. దానిని ఇక్కడ రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను.

నాలుగేళ్ల కిందట మా చేపల రైతుల సంఘం కొల్లేటి అంచున ఒక ఊళ్లో చిన్న శాఖ తెరవాలని నిర్ణయించింది. రెండు గదులు, నలుగురు ఉద్యోగులు, అయిదు కంప్యూటర్లు, నీళ్లు పరీక్షించే యంత్రం ఒకటి. రైతు తన చెరువు నీళ్లు సీసాలో పట్టి, ఒక చేపతో సహా తెస్తాడు. పరీక్ష అక్కడే జరుగుతుంది. అంకెలూ, సూక్ష్మదర్శినిలో తీసిన చేప మొప్పల బొమ్మలూ తాడేపల్లిగూడెంలో ఉన్న మా నిపుణులకు కంప్యూటరు మీద చేరితే, సున్నం చల్లాలో నీళ్లు మార్చాలో వారు వెంటనే చెబుతారు. ఆలస్యమైతే చేపలు నీటి పైకి తేలతాయి. ఆ శాఖనూ గూడేన్నీ కలిపేది రౌటర్ అనే పెట్టె ఒక్కటే. అధ్యక్షులవారు సభలోనే తేల్చి చెప్పారు: "ఏడాది చూద్దామండి. లైను నిలబడితే శాఖ ఉంటాది. లేదంటే మూసేసి రైతుల్నే ఇక్కడికి రమ్మందాం."

ఆ పెట్టెను ఎంపిక చేసే బాధ్యత నాకు అప్పగించారు. ఇంజనీరింగు చదివిన కుర్రవారు ఇద్దరు ఆఫీసులో ఉండగా నాకు అప్పగించారు.

రౌటర్లలో రెండు రకాలు. ఒకటి, అన్నీ లోపలే బిగించి మూసేసినది. కొన్ననాడు ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుంది. రెండోది గడులున్నది. ఏ లైను వస్తే దానికి తగిన కార్డును గడిలోకి దూర్చుకోవచ్చు, వద్దంటే తీసెయ్యవచ్చు. నేను మూడు వారాలు శ్రమించి పన్నెండు పేజీల నివేదిక తయారు చేశాను. మా ప్రధాన కార్యాలయంలో ఉన్నటువంటి ఎనిమిది గడుల పెద్ద పెట్టే కావాలని, అన్ని గడులూ నింపి కొనాలని అందులో సిఫారసు చేశాను. సమర్పించే ముందు మాస్టారికి చూపాలని ఏలూరు తీసుకువెళ్లాను. నిజం చెప్పాలంటే, మెచ్చుకోలు కోసమే తీసుకువెళ్లాను.

ఆయన వరండాలో కూర్చుని పన్నెండు పేజీలూ చదివారు. కాఫీ చల్లారిపోయింది. చివరికి కాగితాలు సర్ది నా చేతికిచ్చి, "చాలా బాగా రాశారండి. ఒక్క తప్పు లేదు. కానీ పన్నెండు పేజీల్లో ఆ ఊరు ఎక్కడా కనపళ్లేదండి," అన్నారు.

నాకు ముఖం వేడెక్కింది. ఆయన అది చూడనట్టే లేచి, "పెట్టె కొనేముందు గోడ చూడాలండి. రేపు పొద్దున్నే వెళ్దాం," అన్నారు.

మరునాడు ఆ ఊళ్లో, ఇంకా సున్నం వాసన పోని ఆ రెండు గదుల్లో, మాస్టారు ఒక స్టూలు వేసుకుని ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. చేతిలో చిన్న నోటు పుస్తకం. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారు, కరెంటు ఎన్నిసార్లు పోయింది, చెరువు నీళ్లకు గాలి ఎక్కించే మోటార్లు వేసినప్పుడు దీపం ఎంత మసకబారింది, అన్నీ రాసుకున్నారు. తన సెల్‌ఫోను పట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగి, సిగ్నలు ఎక్కడ ఎన్ని గీతలుందో కూడా రాశారు. శాఖకు మేనేజరుగా వచ్చినావిడ కొంతసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏవండీ మాస్టారూ, పెట్టె కొనడానికొచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా?"

"రెండూ ఒకటేనమ్మా. పిల్లని చూసేముందు ఇల్లు చూడాలి."

"అయితే కట్నం మాట కూడా తేల్చండి. ఈ శాఖ మూసేస్తే నీళ్ల సీసా పట్టుకుని రెండు బస్సులు మారాలండి గూడేనికి. అక్కడికెళ్లేసరికి నీళ్లు మరిగిపోతాయి, ఇక్కడ చేపలు తేలిపోతాయి."

తలకు గళ్ల తువ్వాలు చుట్టుకున్న ఒక రైతు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నాడు. మాస్టారు ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, శాఖకు ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగ ఏ దారిన వస్తోందని అడిగారు.

"మా చెరువు గట్టు మీంచేనండి."

"గట్టుకి మరమ్మతు ఎప్పుడు చేస్తారండి?"

"ఏటా ఎండాకాలమేనండి. పొక్లెయిన్ వస్తాది, మట్టి తోడి గట్టు మీదేస్తాది."

మాస్టారు నా వైపు చూశారు. నా పన్నెండు పేజీల్లో లేని పొక్లెయిన్ అప్పుడు నాకు కనిపించింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన తేల్చారు. "ఎనిమిది గడులది ఈ ఊరికి బరువండి. ఉడుకెక్కుద్ది, పాడైతే ఇక్కడ బాగుచేసే నాథుడుండడు. మూసేసిన పెట్టె చవకే, కానీ గట్టు తెగిననాడు దాంతో ఏం చెయ్యగలం? రెండు గడులది తీసుకోండి. ఒకదాంట్లో ఫైబర్ కార్డు పెట్టండి. రెండోది ఖాళీగా ఉంచండి."

"ఖాళీగా ఎందుకండీ? ఏదో ఒక కార్డు ఇప్పుడే కొనేస్తే పోతుంది కదా?"

"ఏది కావాలో ఇంకా మనకి తెలీదండి. ఈ ఊళ్లో సిగ్నలు కుదురుకుంటుందో లేదో ఏడాది పోతే గానీ తెలీదు. మీ ఇంట్లో పెళ్లికి బంతి వేస్తే చివర ఒక ఆకు ఎక్కువ వేస్తారా, వెయ్యరా?"

"వేస్తామండి."

"ఎవరికి?"

"ఎవరొస్తారో తెలీదు కదండీ."

"అదేనండి," అని ఆయన కిటికీ వైపు తిరిగి హాయిగా నిద్రపోయారు.

నేను నివేదిక చింపేసి రెండు పేజీలు రాశాను. సభలో కుర్ర ఇంజనీరు ఒకరు నవ్వుతూ, "ఖాళీ కన్నానికి డబ్బు పొయ్యడమేంటండీ?" అన్నారు. నేను బంతి మాట చెప్పాను. అధ్యక్షులవారు స్వయానా రైతు. "మా ఇంట్లో ఆ ఆకు వేసి ఖాళీగా ఎత్తేసిన రోజు లేదండి. కొనండి," అన్నారు.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. ఇది దాస్తే మాస్టారి గురించి రాయడానికి నాకు అర్హత ఉండదు.

శాఖ తెరిచిన రోజు మేనేజరమ్మ రౌటరుకు పసుపు రాసి బొట్టు పెట్టి, మల్లెపూల దండ వేసింది. ఆ దండ గాలి కన్నాలకు అడ్డం పడుతోందని నేను వెంటనే తీయించాను. అంతవరకు తెలివిగానే ఉన్నాను. కానీ వచ్చిన పెద్దలందరికీ మా ఖాళీ గడి కనబడాలని, దాని మీదున్న మూత రేకును మరలు తిప్పి ఊడదీశాను. "భవిష్యత్తుకు ఉంచిన చోటండి ఇది," అని ఒక్కొక్కరికీ చూపించాను. ఆ రేకును గూడెం తీసుకువచ్చి నా సొరుగులో భద్రంగా దాచుకున్నాను.

కొల్లేటి అంచు ఊళ్లలో పొద్దు వాలితే పచ్చటి చిన్న పురుగులు దీపాల మీదకు ముసురుతాయి. పది రోజులకు పెట్టె వేడెక్కి, దానంతటది ఆగిపోయి, మళ్లీ లేవడం మొదలుపెట్టింది. రోజుకు నాలుగుసార్లు లైను పోయేది. శాఖ మూసేస్తారన్న మాట ఊళ్లో పుట్టింది. నా ఎంపికే తప్పన్న మాట ఆఫీసులో పుట్టింది.

మాస్టారిని తీసుకువెళ్లాను. ఆయన చేతులు తుడుచుకుని, పెట్టె ఆపి, పై తొడుగు విప్పారు. లోపల ఫ్యాను చుట్టూ గుప్పెడు పురుగులు ఎండిపోయి ఉన్నాయి. రంగులు వేసే మెత్తటి కుంచె తెప్పించి ఒక్కొక్కటీ దులిపారు. తర్వాత ఖాళీ గడి వైపు చూసి, "దీని మూత ఏదండీ?" అని అడిగారు.

నేను చెప్పాను. మేనేజరమ్మ ఎదురుగానే చెప్పాను.

ఆయన మందలించలేదు. బల్ల మీదున్న పాత పౌడరు డబ్బా మూతను కత్తిరించి, అంచులు రాయి మీద నూరి, రెండు మరలతో ఆ గడికి బిగించారు. బిగిస్తూ అన్నారు: "ఖాళీగా ఉంచడమంటే తెరిచిపెట్టడం కాదండి. చివరి ఆకు వేస్తాం. దుమ్ము పడకుండా దాని మీద ఇంకో ఆకు బోర్లిస్తాం. వచ్చినాయన ఎత్తుకుని కూర్చుంటాడు."

ఆ తర్వాత ఆ పెట్టె తనంతట తాను ఆగిన రోజు లేదు.

ఏడాది గడువు తీరడానికి ఇంకా నెల కూడా లేదనగా వేసవి వచ్చింది. అప్పటికి ఊళ్లో సిగ్నలు కుదురుకుంది. సెల్‌ఫోను సిమ్ పెట్టుకునే కార్డు తెప్పించి, ఆదివారం వెళ్లి బిగిద్దామని గూడెంలో ఉంచాను. గురువారం పదిగంటలకు మేనేజరమ్మ ఫోను చేసింది.

"ఏవండీ, లైను పోయిందండి. గట్టు మీద పొక్లెయిన్ ఉంది. తీగ ముక్క దాని పళ్లకి వేలాడుతోందండి, కిటికీలోంచి నాకు కనపడుతోంది."

తీగ అతకడానికి రెండు రోజులు పడుతుందన్నారు. శాఖలో అప్పటికే పదకొండు సీసాలు వరసలో ఉన్నాయి. అంకెలైతే ఫోనులో చదవవచ్చు గానీ, పదకొండు చెరువుల మొప్పల బొమ్మలు కంప్యూటరులోంచే వెళ్లాలి, నోటితో చెప్పలేం. వరసలో ముందున్నది గళ్ల తువ్వాలు రైతు. ఆయన చెరువులో చేపలు పొద్దుటి నుంచే పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

ఆ కార్డు పట్టుకుని సంఘం జీపులో బయలుదేరి దారిలో మాస్టారికి ఫోను చేశాను. అప్పటికే ఆయన ఇల్లు దాటలేని స్థితిలో ఉన్నారు. నోటు పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"ఉత్తరం కిటికీ అండి. మూడు గీతలు. ఏంటెన్నా తీగ అక్కడిదాకా లాగండి."

"సరేనండి."

"ఏవండీ, చేతులు తుడుచుకోండి."

తుడుచుకున్నాను. పెట్టె ఆపి, పౌడరు డబ్బా రేకు విప్పి, కార్డు దూర్చి, ఏంటెన్నాను ఉత్తరం కిటికీ ఊచకు కట్టాను. పెట్టెలో మార్చవలసిన అమరికలన్నీ ముందే రాసి ఉంచాను కనుక వెతుక్కోవలసింది లేదు. పెట్టె మళ్లీ లేచి, దీపాలు ఒకటొకటే వెలిగి, చివరిది పచ్చగా నిలబడింది. మొదటి బొమ్మ గూడెం చేరింది. నిపుణుల మాట తిరిగి వచ్చిన మరుక్షణం గళ్ల తువ్వాలు రైతు గుమ్మంలో లేడు. విన్నవాడు విన్నట్టే చెరువు వైపు పరుగెత్తాడు. సాయంత్రం తిరిగి వచ్చి, "నిలబడ్డాయండి," అని ఒక్క మాట అన్నాడు.

శాఖ కూడా నిలబడింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఆ పౌడరు డబ్బా రేకు ముక్కను మాస్టారికి తీసుకువెళ్లి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "మీ దగ్గరే ఉంచండి. ఇంకో శాఖ రాకపోదు," అన్నారు. అది ఇప్పుడు ఉంగుటూరు కాగితాల మీద బరువుగా ఉంది. ఆ సంతకం నేను ఇంకా పెట్టలేదు. ముందు ఉంగుటూరు వెళ్లి ఒక పగలంతా స్టూలు వేసుకుని కూర్చుంటాను.

మొన్న ఏలూరులో, వాళ్ల చర్చి ఆవరణలో, ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక షామియానా కింద భోజనాలకు బంతి వేశారు. మేనేజరమ్మ వచ్చింది, శాఖ వాళ్లంతా వచ్చారు. మేమందరం ఒకే వరసలో కూర్చున్నాం. వడ్డన సగమయ్యే వేళకు గేటు దగ్గర గళ్ల తువ్వాలు కనిపించింది. చెరువు దగ్గర నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, పంచె అంచుకు మట్టి ఇంకా ఆరలేదు. నిండిపోయిన వరసను చూసి, తర్వాత బంతికి కూర్చుంటానన్నట్టు వెనక్కి తగ్గబోయాడు.

కోడలుగారు చేతిలో వడ్డించే పళ్లెంతోనే ఆయనకు వరస చివర చూపించారు. "అక్కడుందండి. కూర్చోండి."

అక్కడ ఒక అరటాకు మరో ఆకును బోర్లించుకుని ఉంది. ఆయన తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకుని, పై ఆకును మెల్లగా ఎత్తి పక్కన పెట్టాడు. కింది ఆకు మీద చల్లిన నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా అలాగే ఉన్నాయి.