పబ్లిక్‌కి మాత్రమే

ఆయనది లిఫ్టు నడిపే ఉద్యోగం. నగరంలో అన్నిటికన్నా ఎత్తైన కట్టడంలో, వెనుక సందు వైపున్న లిఫ్టు అది. కింద బయలుదేరితే మధ్యలో ఎక్కడా ఆగదు; నేరుగా పై అంతస్తులో, చుట్టూ అద్దాలున్న వసారాలో ఆగుతుంది. అంత ఎత్తు కట్టుకోవడానికి అనుమతి ఇస్తూ నగరపాలక సంస్థ ఒక షరతు పెట్టింది: ఆ వసారా ప్రజలకు ఉచితంగా తెరిచి ఉండాలి. తెరిచే ఉండేది. దారి చూపే బోర్డు మాత్రం ముందు గుమ్మం దగ్గర లేదు. అడిగినవాళ్ళకు చెప్పాలి, అడగనివాళ్ళకు చెప్పనక్కర్లేదు అన్నది మేనేజరు మాట. ఆయన దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు.

ఆయన భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. కుట్టుమిషను కిటికీ పక్కన ఉండేది. మధ్యాహ్నం దాటాక ఆ కట్టడం నీడ వచ్చి దాని మీద పడేది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే ఆమె అడిగేది.

"ఇవాళ ఎంతమందిని పైకి పంపారు?"

"పంపినవాళ్ళందర్నీ మళ్ళీ కిందికి దించాను. నా మీద కేసులేం లేవు."

ఆ హాస్యం ఎన్నేళ్ళైనా వాళ్ళకు పాతబడలేదు. ఒకసారి సూదిలో దారం ఎక్కిస్తూ ఆమె అంది.

"నన్నూ ఓసారి తీసుకెళ్ళకూడదూ?"

"అది పబ్లిక్‌కే. మనం స్టాఫ్ కదా."

"స్టాఫ్ మీరు. నేనేంటి, ప్రైవేటా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. మాట అక్కడితో ఆగిపోయింది. ఆయన లెక్కలో పబ్లిక్ అంటే లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు ఎదురుగా నిలబడే కొత్త ముఖాలు. ఇంట్లో మనిషి కూడా ఆ మాట కిందికే వస్తుందని ఆయనకు తోచలేదు. ప్రేమ లేక కాదు. ఉప్పు తిన్నచోట వేలెత్తి చూపించుకోకూడదన్న జాగ్రత్త.

కొంతకాలానికి ఆమె భుజం గుమ్మాలకు తగలడం మొదలైంది. పక్కనే ఉన్న కత్తెర కోసం గదంతా వెతికేది. "కళ్ళు నెత్తికెక్కాయా ఏంటి?" అని ఆయన వేళాకోళం చేసేవాడు. కంటి డాక్టరు పరీక్షించి నీటికాసులని చెప్పింది. కంటిలోపలి ఒత్తిడి చూపు నరాన్ని నెమ్మదిగా తినేస్తుంది. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటుంది. నొప్పి ఉండదు. పోయిన భాగం నల్లగా కూడా కనిపించదు. మెదడు ఆ ఖాళీని తనకు తోచినట్టు పూడ్చేస్తుంది. అందుకే రోగికి ఆలస్యంగా తెలుస్తుంది. మందులు మిగిలిన చూపును కాపాడడానికే. పోయింది తిరిగి రాదు.

"వీధంతా ఒక్కసారిగా కనిపించడం ఇక లేదా డాక్టరమ్మా?" అని ఆమె అడిగింది.

"చేతిగాజు గుండ్రంలోంచి చూస్తున్నారనుకోండి. దగ్గరున్న వీధి అందులో పట్టదు. బాగా ఎత్తు మీంచి చూస్తే ఊరే పడుతుంది. చూడాలనుకున్నవి త్వరగా చూసేయండమ్మా."

ఆమె భర్త వైపు తిరిగింది.

అయినా ఆయన వెంటనే తీసుకెళ్ళలేదు. మేనేజరును అడగాలి, ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడగాలి. ఆ సమయం చిక్కేలోపు ఎండలు పోయాయి, వానలూ పోయాయి. ఆమె కుట్టు మానేసింది. గోడ పట్టుకుని నడవసాగింది. అప్పుడు కట్టడంలో నోటీసు అంటించారు. సందర్శకులు పెద్దగా రావడం లేదు గనుక వసారాను కార్యాలయంగా మారుస్తున్నారు. నగరపాలక సంస్థ కూడా ఒప్పుకుంది. ఆయన అప్పుడు వెళ్ళి అడిగాడు.

మేనేజరు తలెత్తి చూశాడు. "దీనికి నన్నడగడం ఏంటయ్యా? ఎవరైనా రావచ్చు. మీ ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదా?"

మర్నాడే తీసుకెళ్ళాడు. మూసేస్తున్నారన్న కబురు పాకి ఆ రోజు లిఫ్టులో జనం బాగానే ఉన్నారు. ఆమె ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెవులు దిబ్బడేశాయండీ."

"గుటక మింగు. పోతుంది."

పైకి చేరాక, అందరూ దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడడం ఆయనకు అలవాటు. ఆమె చెయ్యి ముందుకు చాచి తానే నడిచింది. ఆయన వచ్చి చూసేసరికి, రెండు అద్దాల మధ్య ఉన్న వెడల్పాటి స్తంభానికి ఎదురుగా నిలబడి ఉంది. బూడిదరంగు స్తంభం. ఆ రోజు ఆకాశమూ అదే రంగు.

"అబ్బ! ఎంత పెద్ద ఊరండీ!"

ఆమెకు నిజంగానే తేడా తెలియలేదో, తెలిసీ ఆయన కోసం అందో. భుజాలు పట్టుకుని కొద్దిగా పక్కకు తిప్పితే తేలిపోతుంది. తేల్చుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది.

"మన వీధి ఎటువైపు?"

ఆయన రెండడుగులు పక్కకు వేసి, అద్దంలోంచి చూసి, తిరిగి వచ్చి ఆమె చెవి దగ్గర చెప్పాడు: ముందు వంతెన, దాని పక్కన ఆసుపత్రి, ఆ వెనకాల మన వీధి. మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాడు. మన మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారన్నాడు. ఆమె స్తంభం వైపే చూస్తూ, ఒక్కొక్కదానికీ తల ఊపుతూ ఉంది.