దర్జీ పెద్దమ్మ వద్దన్న రోజు

దర్జీ పెద్దమ్మకు అరవై ఆరో ఏట ప్రపంచసభలో కుర్చీ దొరికింది. ఆమె కొండజనానికి తరతరాలుగా సొంత పాలకసభ ఉంది. అయినా దాని తరఫున వెళ్ళిన ఆమెను ఇరవై ఏళ్ళపాటు ప్రపంచసభ భవనంలో స్వచ్ఛంద సంఘాలవాళ్ళతో కలిపి వెనక గోడవార కూర్చోబెట్టారు. ఈసారి ఆ పాలకసభను ప్రభుత్వంగా గుర్తించి, ముందు వరసలో బల్ల, మైకు, పేరుపలక ఇచ్చారు.

"ఎంత నున్నగా ఉందే మన పలక! ఇంటికి పట్టుకుపోనిస్తారంటావా?"

"ఊరుకో అత్తా, దొంగలనుకుంటారు," అంది చదివిపెట్టడానికి వెంట వచ్చిన కోడలు.

ఆ మధ్యాహ్నం తేలాల్సింది ఒక్కటే. కొండ తవ్వాలంటే అక్కడి పాలకసభ ఒప్పుకోవాలని ముసాయిదాలో ఉండేది. అది కొట్టేసి, ముందుగా తెలియజేస్తే చాలని రాశారు. పెద్దమ్మ ఊరికి నీళ్ళు వచ్చేది అలాంటి కొండలోంచే.

కోడలు చెవిలో చదివింది. పెద్దమ్మ ముఖం మాడిపోయింది. మైకు పక్కకు నెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. వాళ్ళ సభలో వద్దనడానికి అదే పద్ధతి. ఒక్కరు అలా కూర్చున్నా పని ఆగిపోతుంది. మిగతావాళ్ళు లేచి వచ్చి, కష్టమేమిటో అడిగి తెలుసుకోవాలి. పుట్టి బుద్ధెరిగి ఆమె చూసింది అదే. ఇక్కడ గోడవార కూర్చున్నవాళ్ళను ఔనా కాదా అని ఎవరూ అడిగేవారు కాదు. కోడలూ కలం మూసి తల వంచుకుంది.

అధ్యక్షుడు కళ్ళజోడు మీదుగా హాలంతా కలయజూశాడు.

"ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి ఆమోదించాం," అని చెక్కసుత్తి కొట్టాడు.

కోడలు గాభరాగా ఆ మాట చెప్పగానే పెద్దమ్మ గుమాస్తా దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"నేను వద్దన్నాను బాబూ!"

"మీరు నోరే విప్పలేదు కదమ్మా."

"మరి ఒక్కరైనా వచ్చి అడగలేదేం?"

ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. "గోడ దగ్గరున్నప్పుడైతే మీ ప్రమేయం లేకుండా చేశామని ఉండేది. ఇప్పుడు మీరూ ఒప్పుకున్నట్టే లెక్క. మళ్ళీ తెరవాలంటే నాలుగేళ్ళు ఆగాలి."

ఊళ్ళో ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు దులిపినా బాగుండేది.

"నువ్వు వద్దన్నావని మన పుస్తకంలో రాసుకుందాం," అన్నాడు కొండ పాలకసభ పెద్ద, వరసకు బావ.

"మనం రాసుకుంటే చదివేదెవరు బావా?"

ఆయన పుస్తకం తెరిచి, రాయకుండానే మూశాడు.

ముందుగా ఒక కబురు పంపి కొండ తవ్వడం మొదలుపెట్టారు. రెండో ఏడు వేసవికి కొళాయిల్లో ఎర్రటి బురద వచ్చింది. పెద్దమ్మ పాతగుడ్డలు నాలుగు మడతలు వేసి, అంచులు కుట్టి, నీళ్ళు వడగట్టుకోమని ఇంటింటికీ ఇచ్చి వచ్చింది. మర్నాటికి అవి కూడా చాలలేదు. ఆరు మడతలు వేసి మళ్ళీ మిషను ముందు కూర్చుంది.