రాములవ్వ శేరు

సమ్మయ్య యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. ఆదివారం పొద్దున మాత్రం తార్నాక వైపు క్వార్టర్ల పక్కనున్న రేకుల షెడ్డులో తక్కెడ పట్టుకునేవాడు. ఆ షెడ్డు కూరగాయల సహకార సంఘానిది. ఉప్పల్ అవతలి ఊళ్ల రైతులూ, క్యాంపస్‌లో కాపురముండేవాళ్లూ కలిసి అరవై ఏడులో పెట్టుకున్నారు. మధ్యలో దళారి లేడు. అమ్మేవాళ్లయినా కొనేవాళ్లయినా పది రూపాయలు కట్టి ఒక షేరు తీసుకుంటే సంఘం వాళ్లదే.

ఆ షేరు దగ్గరే చిక్కు వచ్చింది.

మేడిపల్లి నుంచి వచ్చే రాములవ్వకు అప్పటికే అరవై దాటాయి. మొగుడూ పోయాడు, కొడుకూ పోయాడు. కోడలు చిట్టెమ్మా తనూ కలిసి ఎకరన్నరలో వంకాయ పండించేవారు. పది రూపాయలు కట్టి వేలిముద్ర వేసిన మరుసటి ఆదివారం గంప దించి, పాత చీర అంచుతో కుట్టిన చిన్న సంచి తీసి సమ్మయ్య ముందు పెట్టింది.

“ఏందవ్వా ఇది?”

“నా శేరు. సంఘంల చేరినోళ్లది తలా ఒక శేరు అంటివి గద కొడుకా. ఇంట్ల శేరురాయితోని తూచి తెచ్చిన, వారం వారం తెస్త. నీ కిలోరాళ్లను నేను నమ్మ.”

కిలోలు వచ్చి ఏళ్లు గడిచినా ఊళ్లలో ఇంకా శేర్లే నడుస్తున్నాయి; శేరంటే కిలోకు కాస్త తక్కువ. సమ్మయ్యకు నవ్వొచ్చింది. కానీ ముసలామె కళ్లలో మెరుపు చూసి నవ్వు మింగేశాడు.

“మంచిగున్నయవ్వా.”

“మంచిగుండక? పుచ్చులు పెట్టనీకె ఇది బేరమా? మన సంఘం.”

బిల్లులు రాసే పద్మావతమ్మ, ఒక లెక్చరరు గారి భార్య, ముసలామె వెళ్లాక అంది: “చెప్పెయ్యరాదూ సమ్మయ్యా. పాపం, ఊరికే మోసుకొస్తోంది.”

“వచ్చే వారం చెప్తనమ్మా.”

చెప్పలేదు. ఆ సంచి ఆ రోజు ఇంటికి వెళ్లింది. అతని భార్య లింగమ్మ నువ్వులు నూరి గుత్తి వంకాయ చేసింది. ఎక్కడివంటే, షెడ్డులో మిగిలాయన్నాడు. ఆ కూర రుచి నాలుక మీద ఉండగానే మరో ఆదివారం వచ్చింది, మరో సంచి వచ్చింది.

రాములవ్వ నోరు షెడ్డంతటికీ తెలుసు. వంకాయలు ఒక్కొక్కటే నొక్కి చూసే ఒకావిడతో, “పిల్లను జూడ వచ్చినవా అమ్మా, కూర కొన వచ్చినవా?” అంది. ఆవిడా నవ్వేసి రెండు కిలోలు తీసుకుంది. ఏడాది మీటింగులో మగవాళ్లంతా మాట్లాడుతుంటే లేచి నిలబడి, “నేను గూడ శేరు ఇస్తున్న. నా మాట గూడ ఇనాలె” అంది. మేడిపల్లి బస్సు తప్పిపోతే రైతు సరుకు వాడిపోతున్నదనీ, షెడ్డు గంట ఎక్కువసేపు తెరవాలనీ అడిగింది. అందరూ చేతులెత్తారు. పుట్టి బుద్ధెరిగాక తన మాట మీద పదిమంది చేతులెత్తడం అదే మొదలని బస్సు దాకా చెప్పుకుంటూ పోయింది. ఆ పక్కన నడుస్తూ సమ్మయ్య అసలు మాట మళ్లీ మింగాడు. ఇప్పుడు చెబితే ఆమె దగ్గర్నుంచి ఏదో గుంజుకున్నట్టు ఉంటుందనిపించింది. సంచి అతని చేతిలోనే ఉంది.

అరవై తొమ్మిది వచ్చింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం క్యాంపస్‌ని కమ్మేసింది. కాలేజీలు మూతపడ్డాయి. ఒకరోజు బంద్, ఒకరోజు కర్ఫ్యూ. మే నెలంతా షెడ్డుకు తాళమే. అయిదో వారంలో ఒక పొద్దున సమ్మయ్య అటు వెళితే తాళానికి చీర అంచు సంచి వేలాడుతోంది. లోపల వంకాయలు ముడతలు పడి ఉన్నాయి. ముసలామె వచ్చి పోయిందనుకున్నాడు. అంతకు మించి అనుకోలేదు.

జూన్‌లో షెడ్డు తెరిచిన మొదటి ఆదివారం గంపతో చిట్టెమ్మ ఒక్కతే వచ్చింది. గంప దించి, కొత్త సంచి ఒకటి అతని ముందు పెట్టింది.

“అత్త శేరు, అన్నా.”

“అవ్వ ఏది?”

“లేదు. పదిహేను దినాలైతున్నది.” చిట్టెమ్మ నేల చూస్తూ చెప్పింది. “శేరు ఇయ్యక అయిదు వారాలాయె, పేరు కొట్టేస్తరు, మల్ల నా మాట ఎవలింటరు అని ఒకటే గునుసుడు. బస్సుల్లేవంటె నడిచి వచ్చింది. తిరిగి పోంగ హబ్సిగూడ కాడ పడ్డదట. ఎడ్లబండోళ్లు ఎక్కించుకొచ్చిండ్రు. వడదెబ్బ. తెల్లారి పోయింది. శేరు తప్పొద్దని చెప్పి పోయింది.”

సమ్మయ్య చేతిలోని తక్కెడ కింద పెట్టాడు. ఇప్పుడూ ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ పిల్ల ఇంకో ముప్పై ఏళ్లు మోస్తుంది.

“చెల్లె, అది శేరు కాదు. షేరు. కట్టిన పది రూపాయలే షేరు. అవ్వ ఏమి ఇయ్యనక్కర లేకుండె.”

చిట్టెమ్మ తలెత్తింది.

“నీకు ఎర్కనేనా?”

“మొదటి దినమే ఎర్క.”

“మరి ఆ సంచులు?”

“ఇంటికి తీస్కపోయిన. తిన్నం.”

చిట్టెమ్మ సంచి అతని ముందుకు జరిపింది.

“అయితే అందరియి తూచినట్టె ఇవి గూడ తూచు.”

ఏడాదిన్నరలో ఆ వంకాయలు తక్కెడ ఎక్కడం అదే మొదలు. అవతలి పళ్లెంలో కిలోరాయి పెట్టాడు. వంకాయల పళ్లెం కొంచెం పైకి లేచి ఆగింది.

“తక్కువున్నయి” అంది చిట్టెమ్మ.

“లేదు చెల్లె” అన్నాడు సమ్మయ్య. “శేరున్నయి. సరిగ్గ శేరు.”